కదంబం అని చెప్పిన చెట్టు

సాతూన్,
మంగళవారం

అమ్మా సారీపా,

మీ బాబా సలాం చెప్పి రాయునది. ఇక్కడ నేనూ, మీ అమ్మా, మీ అమ్మ మేకలూ క్షేమం. మేకల సంగతే ముందు రాయమంది మీ అమ్మ. అక్కడ నువ్వూ, అల్లుడూ, చిన్న ఆదామూ బాగున్నారని తలుస్తాను.

నా మోకాలి గురించి అడిగావు. రబ్బరు చెట్లు గీయడం మానేశాక నొప్పి తగ్గింది. ఇప్పుడు పెరట్లో మూడు క్రతోం చెట్లు పెంచి, హుషారు కోసం నమిలే ఆ ఆకు కట్టలు సంతలో పెట్టుకుని కూర్చుంటున్నాను. మొన్న ఎవరొచ్చారనుకున్నావు? అప్పట్లో మీ తాతయ్య చెట్టు నరికించిన పోలీసాయనే. "ముదురాకు ఉందా బాబాయ్?" అన్నాడు. "తమరు నరికించకపోతే ఇంతకంటే మంచిది ఇచ్చేవాణ్ణి" అన్నాను. నవ్వేశాడు, సిగ్గులేని మనిషి. అప్పుడు నిషేధం, ఇప్పుడు చట్టమే మారిపోయింది, ఎవరినని ఏం లాభం?

అల్లుడు హెడ్మాస్టరు కాబోతున్నాడని రాశావు. మీ అమ్మ అప్పుడే వీధంతా పసుపన్నం పంచేసింది. ఉత్తర్వులు రానీయవే అంటే వింటేనా!

ఇక మీ పెరట్లో చెట్టు సంగతి. మూడు ఉత్తరాల నుంచీ నువ్వు అడగడం, నేను దాటవేయడం. ఈసారి ఏకంగా ఆకే కవర్లో పెట్టి పంపావు. "గుండ్రటి పసుపు పూలు పూస్తోంది బాబా, ఆదాం వాటితో ఆడుకుంటున్నాడు. ఆయన కొమ్మ ఒకటి బడికి పట్టుకెళ్ళి పిల్లలకు చూపిస్తారట. ఇది నిజంగా కదంబమేనా?" అని రాశావు.

కదంబం కాదు తల్లీ. అది క్రతోం. మీ వైపు కెటుం అంటారే, అదే. ఇక్కడ టీకొట్టు బల్ల మీద పళ్ళెంలో పెట్టే ఆకు, అక్కడ దగ్గర దొరికితే కేసు. మధ్యలో ఉన్నది ఒక దేశ సరిహద్దు, గంటన్నర ప్రయాణం.

మీ తాతయ్య చెట్టును నరికేస్తారని నాకు ముందే తెలిసింది. దాని మొలక ఒకటి తడిగుడ్డలో చుట్టి నీ పెళ్ళి సామాన్లలో దాచి తెచ్చి, కదంబమని చెప్పి మీ పెరట్లో నాటాను. నీ ఇంటికొచ్చినప్పుడల్లా నాలుగాకులు దొరుకుతాయన్న కక్కుర్తి కూడా ఉంది, ఎందుకు అబద్ధం? అల్లుడి ఉద్యోగం సంగతి తలపుకే రాలేదు. మీ అమ్మ ఆకు చూడగానే పట్టేసింది. "కూతురి కాపురంలో నిప్పులు పోసి వచ్చారా! మీరసలు తండ్రేనా?" అంది. రెండ్రోజులుగా మేకల సంగతీ, ఈ ఆకు సంగతీ తప్ప నాతో మాట్లాడటం లేదు.

అల్లుడికి అంతా చెప్పు. తప్పు నాదని చెప్పు. కొమ్మ బడికి వెళ్ళకూడదు. కూలివాళ్ళనూ పిలవద్దు, గుర్తుపడతారు. శుక్రవారం నమాజు కాగానే నేనే వస్తున్నాను. గొడ్డలి మీ ఇంట్లోది చాలు. జేబులో ఒక్కాకు ఉండదు, కావాలంటే నువ్వే తడిమి చూసుకో. ఆకు లేకపోతే నాకు చిరాకు. కసురుకుంటే ఏమీ అనుకోకుండా చిక్కటి కాఫీ ఇవ్వు. తిరిగొచ్చేటప్పుడు కొమ్మ కూడా తెచ్చుకోను.

ఈ ఉత్తరం వ్యాను నడిపే మన్‌సూర్ చేతికిచ్చి పంపుతున్నాను. చదివి పొయ్యిలో వేసెయ్.

నువ్వు పంపిన ఆకును పారేయమంది మీ అమ్మ. పారేయలేకపోయాను. ఈనె తీసి నమిలాను. ఎండిపోయినా అదే చేదు, మా నాన్న చెట్టుదే. ఏడుపొచ్చింది తల్లీ.

ఇట్లు,
నాటిన చేత్తోనే నరకడానికి వస్తున్న
నీ బాబా