తాళమేసిన ఇంట్ల నిద్ర

సుమిత్రా,

రఘునాథపల్లి బడికి పోతున్న, నిన్ను లేపబుద్ధి కాలే. పాలు కాగబెట్టి మూత పెట్టిన. బాపు లేవంగనే వేడినీళ్లియ్యి. నా గొంగడి ఎండల ఆరెయ్యి, పైరేకుల నుంచి మంచు కారి సగం తడిసింది. రాత్రి కుంపటి పెడితే తలుపు ఓరగా ఉంచు, మొన్నటి లెక్క మూసి పండుకోకు.

నాకు నిద్రమాత్రలు మళ్ల తెప్పియ్యకు. వేసుకొని చూసిన. తల బరువెక్కుతది గని కన్ను మూతపడదు. నువ్వు పక్కన గురక పెడుతుంటే కోపమొస్తది. గురక ఆగితే భయమైతది.

మీ అన్న పోయిన నక్షత్రం మంచిది కాదని, ఇల్లు ఆరు నెలలు విడిచి ఈ రేకుల అర్రలకొచ్చినం. ఇంక మూడు నెలలున్నయి. "మనింటికి పోతే నిద్ర అదే పడ్తది బిడ్డా" అని బాపు రోజూ అంటడు. నేను గూడ గదే నమ్మిన.

– వదిన

ఇంకో మాట. ఆ ఇంటి తాళంచెవి కనబడతలేదని బాపు వెతికిండట. నేనే తీసిన. శనివారం ఒంటిపూట బడి కాంగనే, వాకిట్ల అడ్డం పెట్టిన ముండ్లకంప జరిపి లోపలికి పోయిన. గడువు తీరకముందు పోవద్దని తెలుసు. మీ అన్న మంచం మీద పొద్దుగూకేదాక పండుకున్న. అక్కడ గూడ నిద్ర రాలే.

తాళంచెవి బియ్యం డబ్బాల పెట్టిన, దొరికిందని బాపుకు చెప్పు. నేను పోయిన సంగతి మాత్రం చెప్పకు. ఆయనను రోజులు లెక్కపెట్టుకోనియ్యి.