గంగికి మాట్లాడే రూలు లేదు

జూన్ 3, మంగళవారం

అక్షర దోషాలకు, ఈ వంకర రాతకు ముందే క్షమించాలి. ఏడో తరగతితోనే నా చదువు ఆగిపోయింది. ఎవరూ చదవరన్న ధైర్యంతో రాస్తున్నాను.

ఆదివారాలు మా చిక్కడపల్లి ఇంట్లో ఒక ఆట ఆడతాం. తలా ఒక మనిషిగా మారి ఒకే కథలో నడుస్తాం. ఏం జరుగుతుందో పాచికలు తేలుస్తాయి. కథ నడిపేది మా ఆయన. పేరు రాయకూడదు గానీ, విఠల్. నేను పడవ నడిపే గంగిని. ఇంట్లో అత్తమ్మ పిలిస్తేనే నాకు నోరు పెగలదు. గంగిగా అయితే దయ్యాలతో కూడా మాట్లాడతాను.

జూన్ 5, సాయంత్రం 6

ఆటకు కొత్త ఎడిషన్ వచ్చింది. మా కథల పుస్తకాలేమో పాతవి. వాటిని ఆయన కొత్త రూల్స్‌కి మారుస్తున్నారు. ఏటి రాక్షసి బలం ఇంత, దెబ్బ ఇంత అని పైకే లెక్క కడుతుంటే, బీరకాయలు చెక్కుతూ విన్నాను.

పాత పుస్తకంలో ఏ జీవి ఎదురైనా ముందు రెండు పాచికలు వేయాలి. మంచి అంకె పడితే అది కొట్టకుండా మన మాట వింటుంది. నా ఆటంతా అక్కడే. ఆ లైన్ ఆయన కొట్టేశారు. కొత్త రూల్స్‌ల అది లేదు, మాటల స్కిల్ ఉన్నోళ్లే మాట్లాడాలె, గంగికి లేదు గద అన్నారు.

సరే అన్నాను.

జూన్ 6

సరే అని ఎందుకన్నాను?

జూన్ 8, ఆదివారం

మార్చిన కథ ఆడి చూశాం. మాతో ఆడే ఇద్దరూ, అశోక్‌నగర్‌లో కోచింగ్ పాఠాలు చెప్పే అనురాగ్, దోమలగూడ నుంచి మాధురి వచ్చారు. అనురాగ్ సర్వపిండి నములుతూ, వదినా, గంగికి ఇగ మూటలు మోసుడే అన్నాడు. నీకు తినుడే గదరా అంది మాధురి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చాయ్ పెట్టే నెపంతో వంటింట్లోనే ఉండిపోయాను.

జూన్ 11

నారాయణగూడలో కూరలు కొంటున్నా అదే ఆలోచన. వచ్చే ఆదివారం ఆడాక, ఆయన మార్చి రాసిన పుస్తకం ప్రింటుకు ఇస్తారట. ఆలోపు ఆ లైన్ ఉంచమని అడగాలి. లేకపోతే ఆ బల్ల దగ్గర చాయ్ ఇచ్చే మనిషిగానే మిగులుతాను.

జూన్ 15, ఆదివారం

అడగలేదు.

ఏట్లోంచి రాక్షసి లేచింది. రెండు దెబ్బలకే అనురాగ్ యోధుడు పడిపోయాడు. మాధురి మంత్రాలు అయిపోయాయి. అన్నా, ఇది రాక్షసా, బుల్డోజరా అని అరిచాడు అనురాగ్. ఆయన కూడా పరేషాన్ అయ్యారు. పాత కథలో దాన్ని కొట్టి గెలిచినవాళ్లే లేరు మరి.

నా వంతు వచ్చింది. పాచికలు ముట్టుకోలేదు. అక్కా, గింత కోపమేంది, జర నాకు చెప్పు అన్నాను రాక్షసితో. గంగి గొంతు పెట్టలేదు. నా గొంతే.

ఆయన కొత్త పుస్తకం తిరగేశారు. స్కిల్ లేదు గద అన్నా అన్నాడు అనురాగ్. సచ్చి పడ్డోనివి, సప్పుడు చెయ్యకు అంది మాధురి. ఆయన పుస్తకం మూసేసి, రాక్షసి ఏమంటదో నువ్వే చెప్పు అన్నారు.

నీళ్లు తాగాను. నా ఏట్లకెల్లి పోతున్నరు, ఒక్కరన్న నన్ను అడిగిన్రా అన్నాను.

ఆటలో పడి ఉన్న అనురాగే, తప్పయింది అక్కా, దాటమంటవా అన్నాడు. దాటమన్నాను.

జూన్ 17

ఆయన ప్రింటు ఆపారు. కొట్టేసిన లైన్ మళ్లీ రాశారు. మిగతా జీవులన్నిటికీ ఏం కావాలో నన్నే ఆలోచించమన్నారు. ఆదివారం వాటి తరఫున నేనే మాట్లాడాలట.

జూన్ 19

గుహలోని ముసలి ఎలుగుబంటికి బంగారం వద్దు. దానికి తల దువ్వేవాళ్లు కావాలి. ముందే తెలిస్తే ఆట పాడవుతుంది, ఈ పేజీ ఎవరికి దొరికినా, మా ఆయనకైనా సరే, ఆదివారంలోపు కాల్చేయండి.