నిద్రించాడు అన్న మాట

మాచర్ల,
ఆదివారం

అమ్మా షెర్లీ,

ఈ మాట ఫోన్లో చెబితే మధ్యలో నీ గొంతు వినాల్సొస్తుంది. అప్పుడు నేను ఎండల సంగతి మాట్లాడి పెట్టేస్తాను. అందుకే గుంటూరు నర్సింగ్ హాస్టలుకు ఈ కాగితం.

మన గుట్టకింద పేట కబుర్లు ఫోన్లో బ్లాగుగా రాస్తానంటే అందరికన్నా ఎక్కువ నవ్వింది మీ నాన్నే. "అన్నా, ఓట్లప్పుడు తప్ప మన పేటకి కుక్క కూడా రాదు, వార్తలేడ దొరుకుతయ్?" అన్నాడు. మర్నాడు తనే పరిగెత్తుకొచ్చి, కుళాయిలోంచి నీళ్ళకు బదులు తొండ వచ్చిందని చెప్పాడు. అదే మన మొదటి వార్త. గోడల మీది ఓటు రాతలు చూసి చదువు నేర్చినవాణ్ణి కనుక నా ప్రతి వాక్యమూ ఎవరినో గెలిపించమన్నట్టు ఉంటుందని కూడా ఎగతాళి చేసేవాడు. అయినా విలేకరులు తొంగిచూడని పేట కదా, జనం చదివారు.

దారి తప్పుతున్నాను. తప్పిపోతే బాగుండునని కూడా ఉంది.

క్వారీలో రాతి పలక జారి మీ నాన్న మీద పడిన రోజు, వార్త రాయబోతే మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బావా, చనిపోయాడని రాయమాక. మా చర్చిలో ఎట్టంటారో అట్టా రాయి." నేను కోటప్పకొండ తిరునాళ్ళకు పోయేవాణ్ణే అయినా, మీవాళ్ళ సమాధుల మీద 'ప్రభువునందు నిద్రించాడు' అని రాయడం చూశాను. మనిషి పేరులోనే ప్రభువున్నాడు, మళ్ళీ ఎందుకని 'ప్రభువునందు' తీసేశాను. "మన ప్రభుదాసు బుధవారం క్వారీలో నిద్రించాడు" అని పెట్టాను.

నిన్న విచారణకొచ్చిన ఆఫీసరు ముందు క్వారీ గుమాస్తా ఆ ముక్క చూపించాడు. "పనిలో నిద్రపోయాడని వాళ్ళ పేటోళ్ళే రాసుకున్నారు సార్." నేను అడ్డం పోతే ఆఫీసరు, "ఇది నువ్వు రాసిందేనా, పెద్దాయనా?" అన్నాడు. నేను రాసిందే. తప్పు చనిపోయినవాడిదేనని రాసుకుని వెళ్ళాడు.

ఒళ్ళు దాచుకోని మనిషికి నావల్ల ఈ పేరొచ్చింది. బ్లాగు మూసేస్తున్నాను. మీ అమ్మ సుశీలకు ఇంకా చెప్పలేదు.

మొహం చెల్లని మీ పెదనాన్న,
పెదకోటయ్య

—

గుంటూరు,
గురువారం

పెదనాన్నా,

మీరు మూసేస్తే ఆ మాటే చివరి మాటవుతుంది. గుమాస్తా ఫోన్లో అది ఎటూ ఉంటుంది. దాని కిందే సవరణ రాయండి. పలక పడ్డప్పుడు నాన్న చేతిలో సమ్మెట ఉందని పక్కన పనిచేసే ఇద్దరూ నాతో చెప్పారు. వాళ్ళు ఒప్పుకుంటే పేర్లతో వేయండి. చనిపోయాడనే రాయండి. ఇక్కడ వార్డులో మేము తరచూ రాసే మాటే. ఈ ఉత్తరంలో మాత్రం కొట్టేసి మళ్ళీ రాశాను.

ముందు అమ్మకు చదివి వినిపించండి. ఆ పని నావల్ల కాదు.

మీ షెర్లీ

—

మాచర్ల,
సోమవారం

షెర్లీ తల్లీ,

వినిపించాను. "ప్రభుదాసు నిద్రపోలేదు. సమ్మెట ఎత్తి ఉండగా పై పలక జారి మీద పడి చనిపోయాడు." మీ అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది. "అట్టనే పెట్టు బావా," అంది. "నిద్ర సంగతి నాకూ దేవుడికీ తెలుసు. గుమాస్తాకెందుకు?"

పెట్టాను. ఆ ఇద్దరూ పేర్లు వేయమన్నారు. ఆఫీసరుకూ పంపాను, మళ్ళీ వస్తాడో రాడో తెలియదు. బ్లాగు మూయలేదు.

ఒక్క సంగతి మాత్రం అందులో వేయలేదు, నీకే రాస్తున్నాను. ఆ రోజునుంచి మీ నాన్న మంచం మీద పక్క పరిచే ఉంది. ఆ దగ్గర్లో పిల్లలు అరిస్తే మీ అమ్మ కసిరేది. నేను ఫోను జేబులో పెట్టుకుని లేస్తుంటే, దుప్పటి మడిచింది, మంచం ఎత్తి గోడకు నిలబెట్టింది. అప్పుడు ఏడ్చింది.

సెలవు దొరికితే రా.

పెదనాన్న