ఊళ్ళో లేని తొమిజో గారి ముద్ర

మిజునారి ఊరి ఆఫీసులో నివాసుల కాగితాలు చూసే ఒరిహారా గారికి తొమిజో నమస్కారాలు.

అక్కడ మంచు బాగా పడుతోందటగా. నేను నవంబరులోనే కురెహామా పట్నానికి మారిపోయాను, మోకాలి ఆపరేషన్ కోసం. నేను మన ఊరొదిలినట్టు పత్రం తెస్తే గానీ ఇక్కడి ఆఫీసువాళ్ళు బీమా కార్డు ఇవ్వరట. కార్డు లేకుండా డాక్టరు కత్తి పట్టడట. కాస్త ఆ పత్రం పోస్టులో పంపించు తల్లీ.

ఇట్లు,
ఇనుకాయ్ తొమిజో

తా.క.: తిరుగు కవరుకి కొంగ బొమ్మ స్టాంపు అంటించాను. బాగుంది కదా అని పీకి దాచుకోకు.

*

గౌరవనీయులు తొమిజో గారికి,

చలి ముదిరిన ఈ వేళ తమరు కుశలమని తలుస్తాను. మీరు ఊరు వదల్లేదండీ. చదివినట్టు సంతకానికి బదులు ఎవరి పేరు ముద్ర వాళ్ళు వేసి పక్కింటికి అందించే నోటీసు అట్ట మీద వారం వారం మీ ముద్ర పడుతోంది. జనవరి ఒకటిన కూడా పడింది. ఆ రోజు ఎక్కడుంటే ఆ ఏటి పన్ను అక్కడే కాబట్టి మాకే కడతారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఊరొదిలిన పత్రం ఇవ్వలేం.

భవదీయురాలు,
ఒరిహారా మినెకో

తా.క.: మీ గుమ్మం ముందు మంచు ఎత్తడం లేదని ఫిర్యాదు వచ్చింది. ఇంట్లో ఉండి అంత బద్ధకమేమిటండీ?

*

అమ్మా ఒరిహారా,

నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. ఆ ముద్ర వేసేది పక్కింటి ఫుసాయె! భర్త పోయి ఒక్కతే ఉంటుందే, ఆవిడ. ఆవిడ ముల్లంగి ఊరగాయ ఉప్పుకషాయమని నా అటుపక్కింటి యసబురో నలుగురిలో అన్నాడు. ఆ బ్రహ్మచారికి ఊరగాయల సంగతెందుకు చెప్పు! అప్పట్నించి ఇద్దరికీ మాటల్లేవు. నా ఇల్లు మధ్యలో ఉంది కాబట్టి అట్ట నా చేతుల మీదుగా పోయేది. నేను లేకపోతే నేరుగా అతని చేతికివ్వాలి, చచ్చినా ఇవ్వనంది. అందుకే నా ముద్ర ఆవిడకిచ్చి వచ్చాను. నా పేరున ముద్రేసి అట్ట నా గుమ్మంలో పెడుతుంది, అతనొచ్చి పట్టుకుపోతాడు.

ఇట్లు,
నిజంగానే పట్నంలో ఉన్న తొమిజో

తా.క.: స్వయంగా వచ్చి చెబుదామంటే, నన్ను మోసుకురావాల్సిన మోకాలికే కదమ్మా ఆపరేషన్.

*

గౌరవనీయులు తొమిజో గారికి,

మీ ఉత్తరం మీద మీటింగు పెట్టాం. మేం నమ్మాం. కానీ ఫైలు నమ్మాలి కదా! మీరు లేరని మీ వీధి పెద్ద రాసి, ముద్ర వేసి ఇస్తే చాలు. ఈ ఏడు వంతు ప్రకారం వీధి పెద్ద మీరే. ఎంపిక చేసినప్పుడు మీరు అభ్యంతరం చెప్పలేదు. మా అభినందనలు.

భవదీయురాలు,
ఒరిహారా మినెకో

తా.క.: చెత్త సంచుల మీద వల కప్పడం కూడా వీధి పెద్ద పనే. కాకులు పండగ చేసుకుంటున్నాయి.

*

అమ్మా ఒరిహారా,

వీధి పెద్ద హోదాలో రాస్తున్నాను. తొమిజో అనేవాడు మా వీధిలో లేడు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఇదే రాసి ముద్ర కోసం ఫుసాయెకి పంపితే, "ఇది వేస్తే నువ్వు లేనట్టే! ఇక అట్ట ఆ నోటిదూలవాడికి నేనే ఇవ్వాలి" అని తిప్పిపంపింది. మోకాలు సలుపుతుంటే నిద్ర లేదు. నిజంగా ఏడుపొస్తోంది తల్లీ. యసబురోకి కూడా నా గోడు రాసుకున్నాను.

ఇట్లు,
వీధి పెద్ద

తా.క.: కాకులకి నా ఆశీస్సులు.

*

గౌరవనీయులు తొమిజో గారికి,

పత్రం జతచేశాను. వెంటనే కాలు బాగు చేయించుకోండి. జనవరి ఒకటిన మీరు ఊళ్ళో లేరని మా వీధి పెద్ద ధ్రువీకరించారు కాబట్టి పన్ను కూడా అక్కడే.

మీ ఉత్తరం అందగానే యసబురో గారు ఫుసాయె గారి గుమ్మమెక్కారట. "వాడి కాలు పోయేలా ఉంది, ఆ ముద్ర వెయ్యి" అన్నారట. "ముందు నా ఊరగాయ తిను" అన్నారట ఆవిడ. సగం జాడీ ఖాళీ చేసి, "ఇప్పటికీ ఉప్పే" అన్నారట ఈయన. ఆవిడకి నవ్వాగలేదట. ముద్ర వేసేశారు. మిగతా సగం తినడానికి ఆయన రోజూ వెళ్తున్నారు.

నిన్న ఇద్దరూ కలిసి మా కౌంటరుకి వచ్చి పెళ్ళి నమోదు కాగితం అడిగారు. సాక్షిగా మీరే ఉండాలని పట్టుబట్టారు.

భవదీయురాలు,
ఒరిహారా మినెకో

తా.క.: మీరు రానక్కర్లేదు. మీ ముద్ర ఇంకా ఫుసాయె గారి దగ్గరే ఉందిగా. నిన్ననే సాక్షిగా ముద్ర వేసి వెళ్ళారు మీరు.