ముందు జవాబిచ్చిందెవరు

స్కార్వోయ బడి,
ఏప్రిల్ చివరి వారం

ప్రియమైన తోర్‌గైర్‌కి,

గొంతు ఆపరేషన్ అయిందనీ, డాక్టర్లు నెల రోజులు మాట్లాడవద్దన్నారనీ నువ్వు రాసిన చీటీ అందింది. ఇన్నేళ్ళ కాపురంలో నువ్వు నోరు మూసుకుని ఉండటం ఇదే మొదలు. బడిని ఆనుకుని ఉన్న మనింట్లో ఈ నిశ్శబ్దం నాకేమీ బాగాలేదు. మొబైల్‌లో రాయమంటే నీ వేళ్ళు లావంటావు కాబట్టి కాగితాలే గతి. రోజూ పడవ వేళకు రేవుకు వెళుతున్నాను. పడవ మలుపు తిరగకముందే డెక్కు మీంచి "గున్‌వోర్!" అని నువ్వు అరిచే అరుపు లేక రేవు బోసిపోయింది.

నిన్న మునిసిపాలిటీ నుంచి బెరిత్ వచ్చింది. పదో తరగతి పరీక్ష ఈసారి కంప్యూటర్ల మీదే కదా, నువ్వు అమర్చిన మన కంప్యూటర్లను చూడటానికి. మూత విప్పించి చూసి, "వీటిలో డిస్కులే లేవేంటి?" అంది.

"మీ ఆఫీసువాళ్ళు పాతవి పారేసేటప్పుడు, లోపల జనాల వివరాలుంటాయని డిస్కులు పీకేసి మరీ ఇచ్చారుగా!" అన్నాను.

"మరి ఎలా పనిచేస్తాయి?"

నీ మాటల్నే అప్పజెప్పాను. మీట నొక్కగానే ఒక్కో కంప్యూటరూ 'నేనెవర్ని?' అని తీగలోకి కేక వేస్తుంది. చీపుళ్ళ గదిలో ఉన్న మన సర్వర్ దానికో నంబరు ఇచ్చి, ఏం చేయాలో మొదటినుంచీ నేర్పుతుంది. కట్టేస్తే ఆ కంప్యూటర్ అన్నీ మరిచిపోతుంది. "మా ఆయనకు సరిగ్గా వ్యతిరేకం, ఆయన ఏదీ మరిచిపోడు" అన్నాను. ఆమె నవ్వలేదు. పరీక్ష ఇక్కడ సజావుగా జరగకపోతే పిల్లల్ని అవతలి ఒడ్డు బడికి పంపుతామంది. ఒకసారి పంపితే మన బడి మళ్ళీ తెరుచుకోదు. బడి లేని దీవిలో పిల్లలున్న ఇళ్ళు ఎన్నాళ్ళుంటాయి?

ఆమె వెళ్ళేదాకా అన్నీ చక్కగానే పనిచేశాయి. శనివారం దుగ్నాడ్. ఊరంతా వచ్చి బడి కడిగి, కిటికీలకు రంగులేస్తారు. నేను అట్లు వేయాలి.

గొంతు ఎలా ఉందో తప్పకుండా రాయి.

నీ గున్‌వోర్


బోడో ఆసుపత్రి

ప్రియమైన గున్‌వోర్‌కి,

బెరిత్ నవ్వకపోతే పోనీ, నీ జాబు చదివి నేను నవ్వాను. శబ్దం రాలేదు కానీ భుజాలు ఊగాయి. నర్సు కంగారుపడి పరుగెత్తుకొచ్చింది.

డాక్టర్లు సంతృప్తిగా ఉన్నారు. తిండి పైపులోంచే. నీ అట్లు, వాటిమీద గోధుమరంగు చీజూ తలుచుకుంటూ కడుపు నింపుకుంటున్నాను.

సర్వర్ మీద పిల్లలు తడి చేతితొడుగులు ఆరేయకుండా చూడు. వెచ్చగా ఉంటుందని పెట్టేస్తారు. ఇంకేమన్నా పని ఉంటే మా తమ్ముడికి చెప్పు. పరీక్ష అయ్యేదాకా వేరే దేని గురించీ బెంగపెట్టుకోకు.

నీ తోర్‌గైర్


స్కార్వోయ,
మే మొదటి వారం

తోర్‌గైర్,

ప్రేమగా మొదలుపెట్టే ఓపిక లేదు, క్షమించు. కంప్యూటర్లు చచ్చాయి. అన్నీ ఒకేసారి చచ్చినా బాగుండేది! సోమవారం కిటికీ వైపు వరుస లేవలేదు. మంగళవారం అవి లేచాయి, తలుపు దగ్గరవి లేవలేదు. ఇవాళ అక్కడొకటి, ఇక్కడొకటి. నల్లటి తెర మీద నంబరు వచ్చి, గీత ఒకటి కొట్టుకుంటూ ఉంటుంది, అంతే. సర్వర్‌ను ఆపి మళ్ళీ వేశాను. చేతితొడుగులు తీసేశాను. పిల్లలు ఎదురుగా కూర్చుని నా మొహం చూస్తుంటే, నాకు ఏడుపొస్తోంది.

ఇంకో మాట. నీకు కోపమొస్తుందని తెలిసే రాస్తున్నాను. నాకు హాల్వార్డ్ మీద అనుమానంగా ఉంది. దుగ్నాడ్ రోజు మీ తమ్ముడు నిచ్చెన వేసుకుని బడి అటక మీద సగం పూట గడిపాడు. అట్లు తినడానికీ దిగలేదు. "అక్కడేం పని?" అంటే "ఎలకలు వదినా" అన్నాడు. స్కార్వోయలో ఎలకలెప్పుడు చూశాం? అప్పట్నించీ నేనెదురైతే తల దించుకుంటున్నాడు. అతను పడవ అమ్మకానికి పెట్టాడు, అవతలి ఒడ్డున ఇల్లు చూస్తున్నాడు. బడి మూతపడితే అతనికి వెళ్ళడానికో సాకు దొరుకుతుంది. తప్పుగా అనుకుంటున్నానేమో. కానీ అనుకుంటున్నాను.

నీ గొంతు సంగతి అడిగితే డాక్టర్ల సంతృప్తి గురించి రాశావు. నేను అడిగింది అది కాదు.

గున్‌వోర్


బోడో ఆసుపత్రి

ప్రియమైన గున్‌వోర్‌కి,

ఇది అందేసరికి ఆలస్యమవుతుందేమో. గాలి ఎక్కువగా ఉంది, పడవలు ఆపేశారంటున్నారు.

హాల్వార్డ్‌ను ఏమీ అడగకు. వాడు నాకు చెడు చేయడు. ఆ మాట వదిలేయ్.

నంబరు వచ్చి ఆగిపోతోందన్నావు. అంటే కేకకు ఎవరో బదులిచ్చారు, కానీ తర్వాతి పాఠం చెప్పలేదు. మన సర్వర్ అలా చేయదు. ఆ తీగల మీద ఇంకెవరో ఉన్నారు, గున్‌వోర్. ఈ కంప్యూటర్లు పసిపిల్లల్లాంటివి, ముందు ఎవరు పలికితే వాళ్ళనే నమ్ముతాయి. ఒక రోజు మనవాడు ముందు పలుకుతున్నాడు, ఒక రోజు ఆ రెండోవాడు.

సర్వర్ తీగ పీకేయ్. ఒకే ఒక్క కంప్యూటర్ వేయి. దానికి ఎవరూ బదులివ్వకూడదు. అయినా నంబరు వచ్చిందంటే, చీపుళ్ళ గదిలో తీగలన్నీ కలిసే పెట్టె దగ్గరికి పో. ఒక్కో తీగే పీకి, మళ్ళీ మళ్ళీ చూడు. ఏది పీకితే నంబరు రావడం ఆగిందో, ఆ తీగ పట్టుకుని నడువు. చివర ఎవడున్నాడో వాడే.

దొరికాక నాకు వెంటనే రాయి.

నీ తోర్‌గైర్


స్కార్వోయ,
పరీక్ష అయిన సాయంత్రం

ప్రియమైన తోర్‌గైర్‌కి,

నీ జాబూ బెరితూ ఒకే పడవలో దిగారు, పరీక్షకు ముందు రోజు. ఆమెను కాఫీతో కూర్చోబెట్టి, చీపుళ్ళ గదిలో దూరి నీ జాబు చదివాను. సర్వర్ తీగ పీకాను. కంప్యూటర్ వేస్తే నంబరు వచ్చింది.

ఒక్కో తీగా పీకుతూ పోయాను. "ఎంతసేపండీ?" అని బెరిత్ రెండుసార్లు తొంగిచూసింది. చివరికి ఒక తీగ పీకగానే ఆ కంప్యూటర్ కేకలు వేస్తూనే ఉంది, బదులు లేదు. ఆ తీగ పట్టుకుని నడిచాను. అది అటక ఎక్కింది. బడి గోడ దాటింది. ఎక్కడికొచ్చిందో తెలుసా? మనింటికి. మన పడకగది గోడలోంచి, నీ కుర్చీ వెనక బీరువా చాటుకు. అక్కడ చిన్న ఇంటర్నెట్ పెట్టె పచ్చగా వెలుగుతోంది.

రేవుకు పరుగెత్తి హాల్వార్డ్ కాలరు పట్టుకున్నాను. "నా ఇంట్లోనే పెట్టావా? బడి మూయించడానికి ఇంకో చోటు దొరకలేదా నీకు?"

"వదినా, అది అన్నయ్యకి" అన్నాడు.

"ఏం అన్నయ్యకి?"

"ఆయన కుర్చీలోంచే టైపు చేసి అందరితో మాట్లాడుకోవాలి కదా. ఇంట్లో లైను లేదు, బడిలోది లాగాను. అది వేరే వాటికి అడ్డుపడుద్దని నాకేం తెలుసు?"

"నెల రోజుల మౌనానికి ఇంత అవసరమా?"

అంత మనిషీ గట్టుమీద కూర్చుండిపోయాడు. "నెల కాదొదినా. స్వరపేటిక మొత్తం తీసేశారు. అన్నయ్యకి ఇక గొంతు రాదు. పరీక్ష అయ్యేదాకా నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు." పడవ అమ్ముతున్నది కూడా, నిన్ను చూసుకోవడానికి సముద్రం మీద పని మాని మన పక్కనే ఉండాలనట. అవతలి ఒడ్డు ఇల్లు నువ్వు వైద్యానికి వెళ్ళినప్పుడల్లా దిగడానికట. అతన్ని నేను ఎన్నెన్ని అనుకున్నాను!

నీ మీద చాలా కోపంగా ఉంది. నీ జాబు చెప్పినట్టే చేశాను, అది నన్ను నువ్వు దాచిన నిజం దగ్గరికే తీసుకెళ్ళింది. ఆ తీగ చివర ఏముందో నీకు తెలియదు పాపం. తెలిస్తే రాసేవాడివా? రాసేవాడివే. పిల్లల పరీక్ష కదా. అందుకే కోపంగా ఉన్నా ఏమీ చేయలేకపోతున్నాను.

సర్వర్ తీగ తిరిగి పెట్టి, ఆ రెండోవాడి తీగ పీకేసే ఉంచాను. ఇవాళ పొద్దున అన్ని కంప్యూటర్లూ లేచాయి. ఒక్కటి కూడా మొరాయించలేదు. బెరిత్ వెళుతూ, "వచ్చే ఏడూ ఇక్కడే పెడదాం" అని నా చేయి గట్టిగా పట్టుకుంది. నేను ఎందుకు ఏడుస్తున్నానో ఆమెకు అర్థం కాలేదు.

ఆ పెట్టెను పారేయలేదు. దాని నోరెలా మూయించాలో నువ్వే వచ్చి చూడు. తర్వాత మాట్లాడుకుందువుగాని, ఎంతైనా, ఎవరితోనైనా.

పడవ మలుపు తిరిగేటప్పుడు ఏం చేయాలా అని కంగారుపడకు. నేను రేవు చివర నిలబడి ఊరంతా వినేట్టు నీ పేరు అరుస్తాను. నువ్వు చెయ్యెత్తు, చాలు.

నీ గున్‌వోర్