ఇద్దరు గంగవ్వలు

రమేశ్ నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కరోనాతో మగ్గాలు ఆగాయి. రేషన్ పంచేవాళ్లు పేర్లు అడిగితే, మన కొడుకు రమేశ్ బిడ్డ సిరి డిండోలి బస్తీ లిస్టు, వడోద్ బస్తీ లిస్టు కంప్యూటర్‌లో పైతాన్ ప్రోగ్రాం రాసి కలిపింది. కొందరు రెండు చోట్లా రాయించుకున్నారని, రెండోసారి వచ్చిన పేర్లు తీసేసింది.

ప్రతిదానికీ ఫికర్ చేస్తానని నువ్వు కసురుకునేవాడివి కదా, ఆ గుబులే పట్టి పేర్లన్నీ చదివించుకున్నాను. గంగవ్వ ఒక్కతే ఉంది.

"వడోద్ గంగవ్వ ఏదే?"

"డబుల్ వచ్చింది, తీసేసిన నానమ్మా."

"ఆమె వేరు, ఈమె వేరు బిడ్డా! పాపం, ఒకామె పస్తులుంటది."

సిరి నాలుక కరచుకుంది. పేర్లకు ఇంటిపేర్లు చేర్చి మళ్లీ కలిపింది. ఇద్దరు గంగవ్వలూ వచ్చారు.

"నీ ఫికర్ గూడ మంచిదే నానమ్మా," అంది.

ఈ మాట నీ నోట వినాలని ఎన్నేళ్లు చూశానో.