ఎండబెట్టి కలిపిన మేత

జూన్ 3
పాతరేసిన గడ్డి తీశాం. టార్పాలిన్ చిరిగి లోపలికి వాననీళ్లు దిగాయి. పైపొరంతా తెల్లగా బూజు. తీసి పారేయమన్నాను. మేనేజర్ నవ్వాడు. ఇదీ వేళాకోళమేనా బాబాయ్ అన్నాడు. పోయిన నెల నీ బండికి ఆవు గంట కట్టింది నేనే, కానీ ఇది నిజంరా అన్నాను. ఫామ్‌లో ఏం చేయాలన్నా పెద్దాయన చెప్పాలట. పెద్దాయనంటే టౌన్లో ఉండే మా అన్నయ్య. ఆయనకి ఫోన్ కొట్టాడు. పారేస్తే మేత ఎవడి తాత తెస్తాడు, ఎండబెట్టి కలిపి వెయ్యి అన్నాడట. తమ్ముడి మాట పట్టించుకోకు, వాడు పుట్టినప్పుడు కూడా ఏడవలేదు, నవ్వాడు అన్నాడట.

నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది.

జూన్ 5
మా ఆవు దొరసాని ఎనిమిదో నెల చూడితో ఉంది. దాని తొట్టిలో బూజు మేత. నేను ఎత్తిపోశాను. మేనేజర్ మళ్లీ వేశాడు. మళ్లీ ఎత్తిపోశాను. కానీ పాలవ్యాన్ తోలేది నేనే. నేను అటు పోగానే తొట్టి నిండుతుంది. చూడి ఆవురా, కడుపు పోతుందిరా అని అరిచాను. వాడు చేత్తో పెద్దాయన అన్నట్టు పైకి చూపించాడు. దేవుడనుకుంటున్నాడు మా అన్నయ్యని.

జూన్ 12
దొరసాని నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. దూడ చచ్చి పడింది. పెయ్య.

బూజు పనే అయ్యుంటుందన్నాడు పశువుల డాక్టర్.

జూన్ 13
బస్తాలో ఆ మేత వేసుకుని అన్నయ్య ఇంటికి పోయాను. భోజనానికి కూర్చున్నాడు. కంచంలో గుప్పెడు వేశాను. ఎండబెట్టాం, కలుపుకో అన్నాను. వదిన ముక్కు మూసుకుని మరీ నవ్వింది. ఈ వయసులోనూ మారవా మరిదీ అంది. అన్నయ్యకి నవ్వి నవ్వి పొలమారింది. దూడ చచ్చిందన్నాను. తెలుసురా, మేనేజర్ చెప్పాడు, ఇంకోటి పుడుతుందిలే అన్నాడు.

నేను నవ్వలేదని ఇద్దరూ గమనించలేదు.

జూన్ 14
కోపంతో అన్నం మానేశాను. ఒక కంచం కడిగే పని తప్పిందంది మా ఆవిడ.

జూన్ 15
మేనేజర్ పాతరలో దిగి బూజంతా తోడి పారేస్తున్నాడు. అన్నయ్య చెప్పాడా అన్నాను. అడగలేదన్నాడు. దూడని వాడే పూడ్చాడట. ఇప్పుడా నీకు బుద్ధొచ్చింది అని నోటికొచ్చినట్టు తిట్టాను. తోడుతూనే ఉన్నాడు.

జూన్ 16
దూడ లేక దొరసాని పాలు చేపడం లేదు. పొదుగు రాయిలా ఉంది. చెయ్యేస్తే తంతోంది. మేనేజర్ నన్ను దాని మూతి దగ్గర నిలబడమన్నాడు. వాడు చెంబుతో పొదుగు దగ్గర కూర్చున్నాడు. దొరసాని నా భుజం నాకడం మొదలెట్టింది. చెంబులో ధార చప్పుడు. ఇంకా తిట్టాల్సింది మిగిలే ఉంది. నోరు తెరిచాను.

దూడ మాట్లాడదు బాబాయ్ అన్నాడు.

నిలబడ్డాను.